మమ్మల్ని లెక్కపెట్టారు, లెక్క నేర్పలేదు: బడిలో సాంఖ్యకం, సంభావ్యత పాఠాలపై ఒక విమర్శ

ప్రతి ఏడాదీ బడి తెరిచిన కొత్తలో మా క్లాసులో ఒక తంతు జరిగేది. మేష్టారు హాజరుపట్టీ ముందేసుకుని "ఎస్సీలు లేవండ్రా" అనేవారు. లేచేవాళ్ళం. వేలు చూపిస్తూ లెక్కపెట్టి కాగితం మీద ఒక అంకె వేసుకునేవారు. "ఇక కూచోండి. బీసీలు లేవండి." అట్లా అయిదు నిమిషాల్లో క్లాసంతా నాలుగు అంకెలయ్యేది. ఆ అంకెలు హెడ్మాస్టరు గదికి, అక్కణ్ణించి స్కాలర్‌షిప్పుల కోసం ఆఫీసుకి పోయేవి. మిగతా పిల్లలు మావైపు చూసిన చూపు మాత్రం సాయంత్రందాకా క్లాసులోనే ఉండేది.

అదే బడిలో పదో తరగతికొచ్చాక 'సాంఖ్యక శాస్త్రం' పాఠం చెప్పారు. తరగతి అంతరాలు, పౌనఃపున్యం, గణన చిహ్నాలు. నాలుగు నిలువు గీతలు గీసి అయిదోదాన్ని వాటిమీద అడ్డంగా కొట్టాలి. ఆ గీతలు గీస్తుంటే నాకు తట్టింది, నేనూ ఏదో ఒక పట్టికలో ఒక గీతనే కదా అని. మేష్టారు ఆ మాట అనలేదు, పుస్తకమూ అనలేదు. మా చేతికొచ్చిన దత్తాంశం ఏదో ఊరూపేరూ లేని క్లాసులో ఊరూపేరూ లేని యాభైమంది విద్యార్థుల బరువులు. వాళ్ళని ఎవరు తూచారో, ఎందుకు తూచారో తెలీదు.

దళిత ఉద్యమానికి లెక్కల పాఠంతో ఏం పని అని అడిగే మిత్రులున్నారు. సాంఘిక శాస్త్రంలో అంబేద్కర్‌కి ఎన్ని పేజీలిచ్చారో చూస్తాం. తెలుగు వాచకంలో జాషువా ఉన్నాడో లేదో వెతుకుతాం. లెక్కల పుస్తకం తెరిచి చూసినవాళ్ళం తక్కువ. లెక్కలకి కులం లేదని మనమూ నమ్మాం. కూడికలకీ తీసివేతలకీ కులం లేకపోవచ్చు. ఏది లెక్కపెట్టాలి, ఎవరు లెక్కపెట్టాలి, వచ్చిన అంకెని ఏమని ప్రశ్నించాలి అన్న దగ్గర మాత్రం కులం కుర్చీ వేసుకుని కూచుంది. ఈ పాఠాలమీద నా ఫిర్యాదు ఒక్కటే. ఇవి మన పిల్లలకి లోకం సమంగా ఉందని ముందే ఒప్పుకోవడం నేర్పుతున్నాయి. సమంగా ఉందో లేదో పరీక్షించి చూడ్డం నేర్పడంలేదు.

1. పేకముక్కలూ చింతపిక్కలూ

మేం చదివిన పాత పదో తరగతి లెక్కల్లో సంభావ్యత లేదు. మాత్రికలు, కంప్యూటింగ్ పక్కన సాంఖ్యక శాస్త్రం ఒక్కటే ఉండేది. 2014లో వచ్చిన కొత్త పుస్తకంతో సంభావ్యత పదో తరగతిలోకి వచ్చింది. రావడం మంచిదే. ఏ రూపంలో వచ్చిందనేదే ప్రశ్న. నాణెం, పాచిక, సంచిలో ఎర్రబంతులూ నల్లబంతులూ, పేకముక్కలు. వీటిల్లో ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళకి పేకంటే మరీ ముచ్చట.

రెండేళ్ళ కిందట మా పల్లె కమ్యూనిటీ హాల్లో సాయంత్రంపూట పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాను. బాగా కలిపిన 52 ముక్కల కట్టలోంచి ఒక ముక్క తీస్తే అది ఎర్ర రాజు అయ్యే సంభావ్యత ఎంత అని బోర్డు మీద రాశాను. ఒకమ్మాయి వెంటనే 2/52 అంది. ఎట్లా వచ్చిందమ్మా అంటే గైడులో పట్టీ బట్టీపట్టానంది. కళావరు ఏ రంగులో ఉంటుందని అడిగితే తలొంచుకుంది. పేక ఎప్పుడైనా చూశావా అన్నాను. "లేదన్నా. మా నాన్న చెట్టుకింద ఆడుతుంటే పోలీసులు పట్టుకుపోయారంట. అప్పట్నించీ మా అమ్మ ఇంట్లో ఆ పేరెత్తనివ్వదు" అంది.

క్లబ్బులో ఆడితే కాలక్షేపం, పల్లెలో చెట్టుకింద ఆడితే కేసు. ఆ కేసు ఇంట్లో ఉన్న పిల్ల పబ్లిక్ పరీక్షలో ఇస్పేటు రాణిని గుర్తుపట్టకపోతే మార్కు పోతుంది. పుస్తకంలో పేకకట్ట గురించి వివరణ ఉందిగదా అనొచ్చు. ఉంది. పేక చేతిలో పట్టుకుని పెరిగిన పిల్లవాడు ఆ వివరణ దాటేసి లెక్కలోకి దిగుతాడు. మన పిల్ల ముందు పేక బట్టీపట్టి, తర్వాత సూత్రం బట్టీపట్టి, అప్పుడు లెక్కలోకి దిగాలి. ఒకే పరుగు పందెంలో ఇద్దరికీ గీత ఒకచోట గియ్యలేదు.

అయినా పేక తీసేసి ఇంకోటి పెడితే తీరిపోయే సంగతి కాదు. అసలు ముడి 'సమసంభవం' అన్న మాట దగ్గరుంది. పుస్తకంలో ప్రతి లెక్కా "ఒక నిష్పాక్షిక నాణెం" అని మొదలవుతుంది. బొమ్మకీ బొరుసుకీ సమానావకాశం ఉందని ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక అనుకూల పర్యవసానాల్ని మొత్తం పర్యవసానాలతో భాగిస్తే జవాబు. ఆ నాణెం నిష్పాక్షికమని ఎవరు తేల్చారు? ఎట్లా తేల్చారు? పరీక్షకి తయారయ్యే పిల్ల ఈ ప్రశ్న అడిగితే టైమ్ వేస్టంటారు.

మర్నాడు పిల్లల్ని అష్టాచెమ్మా పిక్కలు తెమ్మన్నాను. ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు నాలుగు. మావైపు నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఒక్కోటి నిష్పాక్షిక నాణెమే అనుకుంటే మొత్తం పర్యవసానాలు 16. చెమ్మకి 1/16, అష్టాకి 1/16, రెండు పడ్డానికి 6/16. ఈ లెక్క పిల్లలు తొందరగానే పట్టారు. రెండు ఎక్కువ పడుతుందని, అష్టా చెమ్మా అరుదని ఆటలో వాళ్ళ చేతికి ఎప్పట్నించో తెలుసు. తర్వాత జట్లుగా కూచోబెట్టి ఒక్కో జట్టుని రెండొందలసార్లు వేయించి గీతలు గీయించాను. పుస్తకం లెక్క ప్రకారం పడలేదు. అష్టా, చెమ్మా సమానంగా రాలేదు. ఒక జట్టు పిక్కలకీ ఇంకో జట్టు పిక్కలకీ కూడా పొత్తు కుదర్లేదు. ఒక కుర్రాడు "ఇవి దొంగ పిక్కలన్నా" అన్నాడు. ఎట్లా తెలిసిందిరా అంటే "ఇన్నిసార్లు వేశాక కూడా తెలవదా" అన్నాడు.

సంభావ్యతలో సగం పాఠం ఆ మాటలో ఉంది. పిక్క మంచిదో దొంగదో ఒకసారి వేస్తే తెలీదు, పదిసార్లు వేసినా తెలీకపోవచ్చు. వందలసార్లు వేసి రాసుకుంటే దాచడం కష్టం. దీన్నే ప్రాయోగిక సంభావ్యత అంటారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఇది 9వ తరగతి పాఠం, సమసంభవాన్ని ఒప్పుకుని చేసే సైద్ధాంతిక సంభావ్యత 10వ తరగతి పాఠం. 2022లో పిల్లలమీద భారం తగ్గించే పేరుతో పాఠాలు కత్తిరించినప్పుడు 9వ తరగతి సంభావ్యత అధ్యాయం మొత్తం పోయింది. 10వ తరగతిలో నిష్పాక్షిక నాణెం మిగిలింది. మొఘలుల పాఠాలు తీసేస్తే, డార్విన్‌ని తీసేస్తే దేశమంతా మాట్లాడారు, మాట్లాడాల్సిందే. వేసి చూసి తేల్చుకునే పాఠం పోయిందని మన సంఘాల్లో ఎక్కడా చర్చ నేను వినలేదు.

2. నాణేన్ని పరీక్షించడం అంటే

ఇప్పుడు అదే పద్ధతిని నాణెం మీంచి తీసి సమాజం మీద పెట్టి చూద్దాం. 2024 డిసెంబరులో కేంద్ర సామాజిక న్యాయశాఖ పార్లమెంటుకి ఒక లెక్క చెప్పింది. మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల్లో అప్పటికి ధ్రువీకరించినవాళ్ళు 54,574 మంది. వాళ్ళలో ఎస్సీలు 37,060 మంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం.

పదో తరగతి పిల్ల ఈ లెక్క చెయ్యగలదు. ఈ పని ఎవరికి పడుతుందనేది కులంతో సంబంధంలేని చీటీ అయితే, 54,574లో ఎస్సీలు సుమారు 9,060 మంది ఉండాలి. ఉన్నది 37,060. నాలుగు రెట్లు. వందసార్లు వేస్తే 17సార్లు పడాల్సిన ముఖం 68సార్లు పడింది. చింతపిక్కలతో ఆడిన కుర్రాడిని అడగండి ఈ నాణెం ఎట్లాంటిదో. వాడికి అర్థశాస్త్రం రానక్కర్లేదు, భాషణలు అక్కర్లేదు.

"వాళ్ళ ఇష్టంకొద్దీ ఆ పనిలో ఉన్నారు", "ఎక్కడో ఒకటీ అరా జరిగితే కులానికి ముడిపెడతారు" అనే మాటలు మనం రోజూ వింటాం. ఒకటీ అరా అయితే యాదృచ్ఛికం కావచ్చు. 54 వేలమందిలో ఇట్లా పడితే యాదృచ్ఛికం అనడానికి వీల్లేదని చెప్పేది ఈ శాస్త్రమే. అయితే ఈ అంకె ఒక్కటే కారణం చెప్పదు. నాణెం దొంగదని మాత్రం చెబుతుంది. దాన్ని ఎవరు, ఎట్లా అరగదీశారో చెప్పాల్సింది చరిత్ర. రెండూ కావాలి. మన దగ్గర రెండోది చెప్పేవాళ్ళు బాగానే ఉన్నారు, మొదటిది నేర్పేవాళ్ళే లేరు.

3. సగటు చేసే మోసం

సాంఖ్యక శాస్త్రం పాఠానికొద్దాం. సగటు కనుక్కోడానికి మూడు పద్ధతులు నేర్పుతారు: ప్రత్యక్ష పద్ధతి, విచలన పద్ధతి, సోపాన విచలన పద్ధతి. మూడింటికీ జవాబు ఒకటే. వారం రోజులు ఈ మూడింటి చుట్టూ తిప్పుతారు. సగటు ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు చెప్పదు అన్నదానికి ఒక్క పీరియడు మిగలదు.

ఒక చిన్న ఊరు ఊహించండి. పది కుటుంబాలు. ఒక కుటుంబానికి 100 ఎకరాలు, తొమ్మిది కుటుంబాలకి సెంటు లేదు. సగటు భూమి పదెకరాలు. మధ్యగతం సున్నా, బాహుళకం సున్నా. మూడూ సరైన లెక్కలే, మూడింటికీ మార్కులు పడతాయి. కానీ సర్కారు కాగితం మీద "సగటు కమతం పదెకరాలు" అని రాస్తే ఆ తొమ్మిది కుటుంబాలు ఆ వాక్యంలో ఎక్కడున్నాయి? సగటు చూసి ఊరుకోవాలో, మధ్యగతం ఎంత అని అడగాలో తెలియడమే చదువు. కూలికెళ్ళే ఇంటి పిల్లకి ఈ తేడా చెప్పడానికి ఒక్క పూట చాలు. వాళ్ళమ్మ ఆ తొమ్మిదిలో ఒకతె కాబట్టి ఇక జన్మలో మర్చిపోదు.

ఈ శాస్త్రం పుట్టుక కూడా పిల్లలకి చెప్పాలి. పాస్కల్, ఫెర్మాలు 1654లో జూదం గురించి రాసుకున్న ఉత్తరాల దగ్గర మొదలుపెట్టి పుస్తకాలు ఆగిపోతాయి. సాంఖ్యక శాస్త్రాన్ని పెంచిన గాల్టన్, పియర్సన్ లాంటివాళ్ళు మనుషుల్లో మేలురకం, నాసిరకం ఉన్నాయని నమ్మినవాళ్ళు. మన దేశంలో రిస్లీ కులాలవారీగా ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం అంతస్తు తగ్గుతుందని సూత్రం చెప్పాడు. ఆయనే 1901 జనగణనకి కమిషనరు. ఆ జనగణనలో కులాల్ని ఎవరిపైన ఎవరు అని వరసపెట్టించాడు. మహలనోబిస్ పేరుమీద ఈనాడు ప్రపంచమంతా వాడే 'దూరం' సూత్రానికి కూడా మూలం ఇట్లాంటి శరీరపు కొలతల పనిలోనే ఉంది.

మరి ఇది మన శత్రువుల పనిముట్టని వదిలేద్దామా? అంబేద్కర్ వదల్లేదు. 1948లో అచ్చయిన 'అస్పృశ్యులు' పుస్తకంలో ఆయన అవే ముక్కుల కొలతల్ని తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరు జాతులనే వాదాన్ని ఆ కొలతలతోనే కూలగొట్టాడు. అంతకుముందు 1916లో కొలంబియాలో చదివిన 'భారతదేశంలో కులాలు' వ్యాసంలో ఆయన వాదం కూడా ఒక రకంగా లెక్కే. కులం లోపలే పెళ్ళిళ్ళు జరగాలంటే ఆడా మగా సంఖ్య సమంగా ఉండాలి. భర్త పోతే ఒక స్త్రీ 'మిగులు', భార్య పోతే ఒక పురుషుడు 'మిగులు'. ఆ మిగులుని సర్దడానికే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయన్నాడు. ఒక కూడిక తీసివేతలోంచి కులం గుట్టు లాగిన మనిషి ఆయన. ఆయన విగ్రహం చూపుడువేలు మనకి పార్లమెంటు వైపు చూపిస్తున్నట్టుంటుంది. ఆ రెండోచేతిలోని పుస్తకాల్లో పట్టికలూ అంకెలూ కూడా ఉన్నాయి.

4. మన లెక్కలు మనం సరిగ్గా చేస్తున్నామా?

పుస్తకాన్ని తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన మీటింగుల్లో అంకెలు ఎట్లా వాడుతున్నామో కూడా చూసుకోవాలి. "మేం ఎనభైఅయిదు శాతం" అని గొంతెత్తి అంటాం. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందని ఒక విద్యార్థి లేచి అడిగితే ఎంతమందిమి చెప్పగలం? 1980లో మండల్ కమిషన్ బీసీలు 52 శాతం అన్నప్పుడు దానికి ఆధారం 1931 జనగణన. అప్పటికి యాభైఏళ్ళ నాటి లెక్క. తాజా లెక్క తియ్యకుండా మనల్ని పాత అంకెమీదే నిలబెట్టింది ప్రభుత్వాలు, అది వాస్తవం. కానీ అంచనాకీ గణనకీ తేడా తెలిసి మాట్లాడితే మన మాట బలపడుతుందేగాని తగ్గదు.

దండోరా 1994లో లేపిన ప్రశ్న ఏమిటి? ఎస్సీలకిచ్చిన 15 శాతం లోపల ఎవరికెంత చేరింది అని. లెక్కల భాషలో చెప్పాలంటే, మొత్తం సగటు చూపించి లోపలి విస్తరణని దాచొద్దని. 1997లో ఎ, బి, సి, డి గ్రూపులకి 1, 7, 6, 1 శాతంగా పంచారు. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందంటూ, దానికి దత్తాంశం ఆధారంగా ఉండాలంది. 2025లో తెలంగాణ 1, 9, 5 గానూ, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 గానూ పంచాయి. ఈ ముప్పయ్యేళ్ళలో మాల మాదిగ సోదరులం అంకెల్ని ఒకరిమీదొకరం రాళ్ళలాగా విసురుకున్నాం. హారం ఏమిటని తక్కువసార్లు అడిగాం. ఉద్యోగాల వాటాని దేనితో పోల్చాలి? జనాభాతోనా, చదువుకున్నవాళ్ళ సంఖ్యతోనా? జనాభాతో పోలిస్తే అన్యాయం ఎంతో తెలుస్తుంది. చదువుకున్నవాళ్ళతో పోలిస్తే అది ఏ మెట్టు దగ్గర మొదలైందో తెలుస్తుంది. రెండు ప్రశ్నలూ వేరు. ఒకదానికి వచ్చిన జవాబుని ఇంకోదానికి చెప్పి కొట్టుకున్నాం.

హారం మారితే బతుకు ఎట్లా మారుతుందో విశ్వవిద్యాలయాల్లో చూశాం. 2018 మార్చిలో యూజీసీ రిజర్వేషన్‌కి విశ్వవిద్యాలయాన్ని కాకుండా ఒక్కో డిపార్టుమెంటుని యూనిట్‌గా తీసుకోమంది. 13 పాయింట్ల రోస్టరు. అందులో బీసీకి 4వ పోస్టు, ఎస్సీకి 7వది, ఎస్టీకి 14వది. శాతాలు ఎవ్వరూ ముట్టుకోలేదు. 15 శాతం 15 శాతంగానే ఉంది. కానీ ఇట్లా ఆలోచించండి: ఇరవై డిపార్టుమెంట్లు, ఒక్కోదాంట్లో ఆరు పోస్టులు. మొత్తం 120కి ఎస్సీలకి 18 రావాలి. డిపార్టుమెంటు వారీగా అయితే ఆరులో 15 శాతం 0.9. ఒకటి నిండలేదు కాబట్టి సున్నా. ఇరవై సున్నాలు కలిపితే సున్నా. తొలి విడత నియామకాల్లో 18 ఉద్యోగాలు దశాంశ బిందువు వెనక్కి పోతాయి. పోరాడితే 2019లో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చి మళ్ళీ పాత యూనిట్ వచ్చింది. ఆ రోజుల్లో రోడ్డుమీదికొచ్చిన మా రిసెర్చి స్కాలర్లలో కూడా ఈ గుణింపు చేసి చూపించగలిగినవాళ్ళు కొద్దిమందే. అది ఎనిమిదో తరగతి లెక్క.

5. ఏం చెయ్యాలి

అయితే క్లాసులో కులాల లెక్క తీయమంటున్నావా అని అడుగుతారు. వద్దు. "ఎస్సీలు లేవండ్రా" అన్న గొంతుకి ఇంకో అవకాశం ఇవ్వమని నేను చెప్పను. పిల్లని దత్తాంశం చెయ్యకూడదు. పిల్ల చేతికి దత్తాంశం ఇవ్వాలి. జనగణన పట్టికలున్నాయి. ఉపాధి హామీలో ఊరివారీగా ఎన్ని పనిదినాలు పడ్డాయో అందరికీ అందుబాటులో ఉంది. హాస్టల్ పిల్లలైతే గోడమీది మెనూలో గుడ్డు ఎన్నిరోజులని రాసుందో, నెలలో పళ్ళెంలోకి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి చూడొచ్చు. అదే పౌనఃపున్య పట్టిక. సిలబస్ దాటిందేమీ లేదు, పరీక్షలో అడిగేదీ అదే.

మన టీచరు మిత్రులు ఈ అధ్యాయాలకి ఒక చిన్న తోడుపుస్తకం రాయాలి. పేక పక్కన చింతపిక్కలు, బరువుల పక్కన కూలిరేట్లు పెట్టాలి. విద్యార్థి సంఘాలు వేసవి శిబిరాల్లో చరిత్రకి మూడు రోజులిస్తే లెక్కకి ఒకరోజు ఇవ్వాలి. ప్రతి అంకె దగ్గరా మూడు ప్రశ్నలు అలవాటు చెయ్యాలి: ఎవరు లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు, దేనితో భాగించారు. ఈ ప్రశ్నలు పాలకుల అంకెల్నీ అడగాలి, మన కరపత్రాల్లోని అంకెల్నీ అడగాలి.

రాబోయే జనగణనలో కులం కూడా రాస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. 1931 తర్వాత అన్ని కులాల లెక్క అచ్చయి బయటికి రావడం అదే అవుతుంది. 2011లో విడిగా తీసిన కులాల లెక్క బయటపెట్టకుండానే ఉంచారు. మా పల్లెకి వచ్చే ఎన్యూమరేటరు బహుశా ఆ బడిలో పంతులే అయివుంటాడు. ఈసారి ఆయన గడపలో నిలబడి పేరూ కులం అడిగి ఫోనులో నొక్కుకుంటాడు. అప్పుడు లోపల్నించి పదో తరగతి చదివే పిల్ల వచ్చి "ఏం నొక్కారు సార్, ఒకసారి చూపించండి" అనాలి. ఆ పిల్లకి ఆ మాట అనే ధైర్యం ఇవ్వని లెక్కల పాఠం ఎన్ని మార్కులు తెచ్చిపెట్టినా మనకి అక్కరకి రాదు.